నోళ్లు మూయించి ఊ కొట్టించు విద్య

పురాణకథపై పిల్లల మనస్సును నిలుపుటకు ఆ కథకంటె బలవత్తరములైన సాధనములను తాము కనిపెట్టితిమని ఈ నడుమ కొందరు ఆన్‌లైను బోధనావిశారదులు చాటుకొనుచున్నారు. అయిదు నిమిషముల కొక పోలు, పది నిమిషముల కొక క్విజ్జు, సరియైన సమాధానమునకు పాయింట్లు, పాయింట్లు పోగుపడిన కొలదిని బ్యాడ్జీలు, నడుమనడుమ చప్పట్ల బొమ్మలు. ఇన్ని ఆయుధములు ధరించి, ఏ పురాణవీరునికిని తీసిపోని సన్నాహముతో వారు ఎనిమిదేండ్ల పసివానిపైకి దండెత్తుచున్నారు. దండయాత్రకు ముందు తప్పక చేయు పని యొకటి కలదు: ఆ పసివాని మైకును మ్యూట్ చేయుదురు.

కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలములోని గోలేటి, సింగరేణి బొగ్గుగనులవారి బెల్లంపల్లి ఏరియాకు కార్యస్థానము. ఇచ్చటి క్వార్టర్లలో, రాత్రి షిఫ్టు దిగివచ్చిన తండ్రి ముందుగదిలో నిద్రించుచుండ, ఆయనకు నిద్రాభంగము కాకుండునట్లు ఇయర్‌ఫోన్లు చెవులలో దోపుకొని, వంటింటి గడపపై సెల్‌ఫోనుతో కూర్చున్న పిల్లవానిని ఊహింపుడు. హనుమంతుడు మహేంద్రగిరిని పాదములతో అదిమి ఆకాశమున కెగసినాడు. పిల్లవాని నోరు తనకు తెలియకయే తెరచుకొన్నది. సరిగా ఆ క్షణమున "హనుమంతుని తండ్రి యెవరు?" అను ప్రశ్నయు, దాని క్రింద నాలుగు పేర్లును, ప్రక్కన తరుగుచున్న ముప్పది సెకన్లును తెరపై ప్రత్యక్షమగును. మైనాకుడు సముద్రమునుండి పైకి లేచి కొంతసేపు విశ్రమింపుమని వేడుకొన్నను ఆగని రామదూత, పోలు ఫలితములు వచ్చువరకు నడిసంద్రముపై వ్రేలాడుచు వేచియుండవలెను. తరువాత ఉపాధ్యాయునకు నివేదిక చేరును: శ్రద్ధ, నూటికి నూరు.

ఈ నివేదికను చూచి పట్టణములవారు మురిసిన మురియుదురు గాక, గోలేటివారిని నమ్మించుట కష్టము. హాజరు మస్టరు పడినంతమాత్రమున బొగ్గు పడదని బొగ్గుబాయి పని యెరిగిన ఇండ్లలో ఎవరును వేరుగా నేర్పనక్కరలేదు. పైగా ఆ మస్టరునకైనను ఒక ఫలము కలదు: భూగర్భమున పనిచేయువాడు ఏడాదిలో 190 మస్టర్లు నింపెనేని, 2025 వరకు అమలులోనున్న 1952 నాటి గనుల చట్టము వానికి వేతనముతో గూడిన సెలవునకు హక్కు నిచ్చెను. బ్యాడ్జీలు నింపిన పిల్లవానికి సెలవు రాదు. రెండవ కోర్సు వచ్చును.

అసలు వింత మరియొకచోట నున్నది. మన కథలు శ్రోత అడుగగా పుట్టినవి. నైమిశారణ్యమున శౌనకాదులు అడుగగా సూతుడు చెప్పెను. సర్పయాగమున జనమేజయుడు అడుగగా వైశంపాయనుడు చెప్పెను. ఏడు దినములలో మరణము తప్పదని తెలిసిన పరీక్షిత్తు అడుగగా శుకుడు చెప్పెను. పంచతంత్రములో సైతము, అదెట్లని యొక జంతువు అడిగినగాని రెండవ జంతువు కథ నెత్తుకొనదు. కెమెరా ఆపుకొన్న విద్యార్థులలో ధృతరాష్ట్రుని మించినవాడు లేడు. అయినను యుద్ధకథ వినుచు సంజయుని ఆతడు ఎన్నిమారులు అడ్డుకొని అడిగినాడో, ఎన్నిచోట్ల ఏడ్చినాడో భారతము తెరచినవారికి తెలియును. విశారదుల చేతిలో ఈ వరుస తలక్రిందులైనది. వక్తయే అడుగును, నాలుగు జవాబులును వక్తయే ఇచ్చును, శ్రోతకు మిగిలినది బొటనవ్రేలు. ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలిని మాత్రమే తీసికొనెను. వీరు అదొక్కటి విడిచి తక్కిన పిల్లవాని నంతయు తీసికొనుచున్నారు.

కథ చెప్పి ప్రశ్న వేయువాడు మన సంప్రదాయమున బొత్తిగా లేకపోలేదు. బేతాళుడు కలడు. తెలిసియు చెప్పకున్న తల వ్రక్కలగునని బెదరించి, రాజు నోరు విప్పినంతనే శవముతో సహా చెట్టెక్కి, మౌనముగా నుండు శ్రోతయే మేలని లోకమునకు చాటిన ఆ మహానుభావుడే వీరికి కులదైవమై యుండునని నా యనుమానము. అయినను బేతాళుడు కథ ముగియువరకు ఓపిక పట్టెను. అడిగిన ప్రశ్న పండితులు సైతము రెండు పక్షములుగా చీలి వాదింపదగినదై యుండెను. హనుమంతుని తండ్రి పేరడిగి విక్రమార్కుని వేధింపలేదు.

ఇక మన ఊళ్ల కథకులను చూడుడు. బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల నిరువురు వంతలు నిలుతురు. ఒకడు హాస్యమాడును, ఒకడు రాజకీయము మాట్లాడును. సభలోని వాని సందేహమును, వెక్కిరింతను వేదికపైకి మోసికొనిపోవు పని వారిదే. ఇదే ఆసిఫాబాదు అడవులలో కీక్రి వాయించుచు గోండుల వంశకథలను పాడు పర్ధానుల యెదుట కూర్చుండువారు, ఆ కథలోని పూర్వుల సంతతివారు. తమ తాతముత్తాతల పుట్టుక వినుచున్నవారిని నడుమ ఆపి నాలుగింటిలో నొకటి ఎంచుకొనుడనుటకు ఏ పర్ధానుకు మనసొప్పును? ఇండ్లలో నైతే వేరు వేదికయే లేదు. పిల్లవాడు ఊ కొట్టిన అమ్మమ్మ కథ నడచును, ఊ సన్నగిల్లిన రాక్షసుడు ముందుగా వచ్చును, ఊ ఆగిన దుప్పటి కప్పబడును. సుభద్రకు పద్మవ్యూహము వినిపించుచున్న శ్రీకృష్ణుడు, ఆమె నిద్రించిన తరువాత ఊ గర్భములోనుండి వచ్చుచున్నదని తెలిసికొని, వ్యూహమునుండి వెలువడు విద్య చెప్పకయే ఆపివేసెనని జనశ్రుతి. కడుపులోని శిశువునకు సైతము మన కథలలో మైకు తెరచియే యుండెను.

ఇది యంత్రముల దోషమని నేననను. 2020 మార్చి 28 నుండి దూరదర్శనమువారు పాత రామాయణ ధారావాహికను మరల ప్రసారము చేయగా, లాక్‌డౌనులో ఇల్లు కదలని జనులు ఒక్క పోలైనను లేకుండ దానికి కన్నులప్పగించిరి. ఆ యేడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో యాదగిరి ఛానెలుద్వారా, టీ-శాట్ ద్వారా పాఠములు వచ్చినవి. పదవ తరగతివారి ఉపవాచకము రామాయణమే. ఆ పెట్టెకు చెవి లేదు, ఉన్నదని చెప్పుకొననూ లేదు. కావున పిల్లవాడు పెట్టెను విడిచి ప్రక్కనున్న నాయనమ్మను అడిగెను, వాలిని చాటునుండి కొట్టుట న్యాయమా యని. ఇయర్‌ఫోన్ల కాలమున నాయనమ్మకు ఆ కథయే వినబడదు.

అరువదిమంది పిల్లలను ఒక తెరలో నింపి, అందరి మైకులును తెరచిన, కుక్కరు కూతలు, కోడి కూతలు, కైరిగూడ ఓపెన్‌కాస్టు బ్లాస్టింగు మోతలు కలిసి లంకాదహనమగునన్న మాట నిజమే. అరువదిమందిని నింపుమని వాల్మీకి చెప్పలేదు. ఫీజుల లెక్క చెప్పినది. పదిమందితో కూర్చుండి, మోతలను సహించి, ప్రశ్న వచ్చినచోట కథ నాపు పంతులుగారు, ఒక్క బ్యాడ్జీయు పంచకయే, వాలివధ దగ్గర గంట గడుపగలరు. ఆ గంటను విశారదులు సిలబసు వెనుకబడుట యందురు.

వారు మాత్రము ఇప్పుడు మరియొక అడుగు ముందుకు వేసి, అనవసరధ్వనులను తనంతట తానే తుడిచివేయు సాధనమును తరగతులకు తగిలించుచున్నారు. ఆనాడు అది యుండినయెడల గర్భస్థుని ఊ శ్రీకృష్ణుని చెవికి చేరెడిదే కాదు. ఎవరును వినుటలేదని ఆయన పద్మవ్యూహప్రవేశము చెప్పకమునుపే కథ కట్టిపెట్టెడివాడు. లోనికి పోవు విద్యయే రాని అభిమన్యుడు నిండు నూరేండ్లు బ్రతికెడివాడు. ఈ లాభమును తమ తదుపరి ప్రకటనలో చేర్చుకొనుటకు విశారదులకు నేను ఉచితముగా అనుమతి నిచ్చుచున్నాను.