403 సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: యాక్సెస్ డినైడ్. ఎర్రర్ 403.

అవతారిక: ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో నెట్ సెంటరులో కూర్చుని, అడంగల్ కోసమో హాల్ టికెట్ కోసమో ఒక వెబ్‌సైటు తెరవబోయిన గృహస్థునికి, ఏ పాపమూ ఎరుగనివాడైనా, తెల్లని తెరపై ఈ సూత్రం ప్రత్యక్షమవడం కద్దు. పూర్వవ్యాఖ్యాతలు, అనగా నెట్ సెంటరువారు, దీనికి ‘సర్వర్ డౌన్’ అని చెప్పే అర్థం సాధువు కాదు. సర్వరు పడిపోయి ఉంటే ఈపాటి జవాబైనా వచ్చేది కాదు.

టీక: యాక్సెస్ = లోనికి పోవుట; డినైడ్ = కుదరదనబడినది; ఎర్రర్ = తప్పు (ఎవరిదో మూలకారుడు చెప్పలేదు); 403 = అడిగినది అర్థమయ్యే తోసిపుచ్చినట్లు తెలుపు సంఖ్య.

తాత్పర్యం: వెబ్‌సైటుకు ముందు ఫైర్‌వాల్ అనే కాపలా ప్రోగ్రాము ఉండి, వచ్చినవాని ముఖం ఎరుగదు గనుక అతని ఐపీ అడ్రసును, అనగా నెట్‌లో కనెక్షనును గుర్తించే సంఖ్యను, అడిగిన తీరును, నిమిషానికి ఎన్నిమార్లు అడిగాడన్నదాన్ని పట్టి తీర్పు చెబుతుంది. ఇంటర్ ఫలితాల నాడు ఒక్క కనెక్షను మీద ఊరి పిల్లలందరి హాల్ టికెట్ నంబర్లూ వరుసగా కొట్టే నెట్ సెంటరు, ఈ లెక్కన, దాడికి వచ్చిన యంత్రంలాగే కనబడుతుంది.

ఇది పూర్వజన్మ కర్మఫలమని కొందరి మతం. దీనిని పూర్తిగా కొట్టివేయరాదు. అడ్రసులు తరచు చేతులు మారుతాయి గనుక, నిన్న వేరొకడు చేసిన ఆగడానికి నల్లజాబితాకెక్కిన సంఖ్య నేడు దక్కినవాడు ఆ ఫలం అనుభవిస్తాడు. అయితే ఆ పూర్వజన్మ మనిషిది కాదు, సంఖ్యది. పొరుగువాని కర్మ ఇంతకన్నా బలమైనది. 32 బిట్ల పాత పద్ధతిలో అడ్రసులు సుమారు 429 కోట్లే కావడం, వాటి ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే పంపకమైపోవడం చేత, మొబైల్ కంపెనీలు ఒకే బయటి అడ్రసు వెనుక అనేకమంది చందాదారులను నిలుపుతాయి. వారిలో ఒకని ఫోనులో చేరిన వైరసు ఎక్కడో పాస్‌వర్డులు దొంగిలించబోతే, శిక్ష ఆత్మకూరు బస్టాండులో టికెట్ బుక్ చేసుకుంటున్నవానికి పడవచ్చు.

కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ అడ్రసులను మొత్తంగా నిరాకరిస్తాయి. కువైట్‌లో ఉన్న ఉదయగిరివానికి సొంత పొలం వివరం అందకపోవడానికి ఇదొక కారణం.

విశేషం: మూలకారుడు కారణం చెప్పకపోవడం పొరపాటు కాదు, చెబితే దొంగ దానినే తప్పించుకొని మళ్లీ వస్తాడు. 1513లో ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించిన శ్రీకృష్ణదేవరాయలకు తలుపులెందుకు తీయలేదో ఇరుపక్షాలకూ తెలుసు. 403 బాధితునికి ఆపాటి గౌరవమూ లేదు. ఫిర్యాదుకు ఒక ఫోన్ నంబరైనా ఇవ్వకపోవడాన్ని మాత్రం ఈ వ్యాఖ్య సమర్థించదు.

ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీస్తే ఒక్కొక్కప్పుడు వేరే అడ్రసు దొరికి దారి తెరుచుకుంటుంది. అప్పుడైనా, మనిషేనని రుజువు చేసుకోవడానికి, క్యాప్చా అనే పరీక్షలో అమెరికా వీధుల పక్కన ఉండే, మంటలార్పే నీటి గొట్టాల బొమ్మలను ఏరవలసి రావచ్చు. అటువంటి వస్తువును ఉదయగిరి వీధుల్లో ఎన్నడూ చూడనివానిని యంత్రమని తేల్చడం న్యాయమా అన్నది ప్రత్యేక గ్రంథానికి తగిన చర్చ.