ఫొటో చూసి జాతి చెప్పబడును

ఏలూరు, తాడేపల్లిగూడెం పక్క కీటక శాస్త్రవేత్తలకు కరవొచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి. సార్వా వరి పొట్టకొచ్చే రోజుల్లో ఏ రైతుల వాట్సాప్ గ్రూపైనా తెరిచి చూడండి. పొద్దున్నే ఒకాయన గట్టు మీద నిలబడి ఫొటో తీసి పెడతాడు. అందులో సగం ఆకాశం, సగం చేను, ఓ మూల ఆయన బొటనవేలు. నడుమ ఎక్కడో గోధుమరంగు చుక్క. "ఇదేం పురుగండీ?" అంటాడు. రెండు నిమిషాలు తిరక్కుండా నలుగురు జవాబిస్తారు. నలుగురివీ నాలుగు లాటిన్ పేర్లు. ఒక్కరికీ అనుమానం ఉండదు. పేరు వెనకే మందు, మందు వెనకే ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో కూడా వచ్చేస్తాయి.

వీధి అరుగు మీద చేయి చూసే జ్యోతిష్కుడు నయం. ఆయన కనీసం పుట్టిన నక్షత్రమైనా అడుగుతాడు. మన ఫొటో సిద్ధాంతులకు ఆ మాత్రం వివరం కూడా అక్కర్లేదు. పైరు వయసెంత, పురుగు ఆకు మీదుందా దుబ్బు మొదట్లో ఉందా, ఒకటే కనబడిందా వందలున్నాయా, ముట్టుకుంటే ఎగిరిందా, గెంతిందా, పక్కకి జరిగి దాక్కుందా? ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. అడిగితే తెలియదనుకుంటారని భయం కాబోలు.

నోటికి బదులు సూది ఉన్న పురుగుల వర్గం పేరు హెమిప్టెరా. సుడిదోమ, పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి, మంచంలో నల్లి, చెరువులో నీటితేలు అన్నీ ఆ ఇంటివే. ఇప్పటికి పేరు పెట్టినవే 80 వేల జాతులకు పైన. 1902 నుంచి 1918 దాకా విలియం డిస్టంట్ అనే ఆంగ్లేయుడు మన దేశంలో దొరికే వీటి మీద ఏడు సంపుటాలు రాశాడు. ఎండబెట్టి సూదికి గుచ్చిన నమూనాలను ముందు పెట్టుకుని రాశాడు. అయినా తప్పులు దొర్లాయి. ఒకే పురుగుకు రెండు పేర్లు పెట్టినవీ, ఒక కుటుంబంలోది తీసుకెళ్లి ఇంకో కుటుంబంలో పడేసినవీ తర్వాతి తరాలవాళ్లు ఇప్పటికీ సరిచేస్తున్నారు. మన గ్రూపు అడ్మిన్‌గారికి ఆ బాధ లేదు. గూడెం సెంటర్లో టీ తాగుతూ, పగిలిన స్క్రీన్ మీద రెండు వేళ్లతో ఫొటో సాగదీసి, జాతి దాకా తేల్చేస్తారు.

డెల్టాకు పాత శత్రువు సుడిదోమ సంగతే చూద్దాం. దోమపోటు అంటే తెలియని రైతు ఇక్కడ ఉండడు. చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోయి, చూస్తుండగానే తగలబెట్టినట్టయిపోతుంది. దీని పేరు నీలపర్వత లూజెన్స్; అందులో లూజెన్స్ అనే జాతి పేరు కార్ల్ స్టాల్ అనే స్వీడన్ పండితుడు 1854లో ఇచ్చింది. నాలుగు మిల్లీమీటర్ల ప్రాణి. వెనక కాలి పిక్క చివర కదిలే ముల్లు ఒకటి ఉంటే డెల్ఫాసిడే కుటుంబం. ఆ కాలి పాదంలో మొదటి కణుపు మీద ఇంకా చిన్న ముళ్లుంటే నీలపర్వత ప్రజాతి. అక్కడితో అయిపోలేదు. ఆ ప్రజాతిలోనే బాకెరి అనే దాయాది నీటిగడ్డి మీద బతుకుతుంది. దాన్నీ దీన్నీ విడదీయాలంటే మగపురుగు జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూడాలి. గట్టు మీంచి తీసిన ఫొటోలో పురుగుకు కాళ్లున్నాయో లేదో కూడా తెలియదు. అయినా జాతి పేరు చెప్పడమే కాదు, "కన్ఫర్మ్" అని కూడా రాస్తారు.

అసలు గట్టు మీంచి ఫొటో తీయడంలోనే ఉంది తమాషా. సుడిదోమ ఉండేది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన. పైనుంచి చూసేవాడికి పచ్చటి చేనే కనబడుతుంది. రెండు మీటర్లకొకచోట ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలండని వ్యవసాయ శాఖ మొత్తుకునేది గాలీ వెలుతురూ తగలడానికి, మనిషి దిగి చూడడానికి. దిగితే ప్యాంటు తడుస్తుంది. ఫోను బురదలో పడుతుంది. పైగా దిగినవాడు లెక్కపెట్టాలి. పిలక దశలో దుబ్బుకు పది పదిహేను, ఈనిక దశలో ఇరవై పాతిక దాటితేనే మందు సంగతి ఆలోచించాలని లెక్క. ఫొటోలో దుబ్బుకు ఎన్నో ఎవరు చెప్పగలరు? ఫొటోలో ఎప్పుడూ ఒక్క దోమే ఉంటుంది. మందు మాత్రం మూడెకరాలకూ కొడతారు.

ఇంతకంటే ఘోరం పచ్చటి చుక్క ఫొటో. మిరిడ్ నల్లి అని ఒకటుంది, సిర్టోరైనస్ లివిడిపెన్నిస్. మూడు మిల్లీమీటర్లు, ఆకుపచ్చ ఒళ్లు, నల్లటి తల. సుడిదోమ ఆకు తొడుగులో దాచిపెట్టిన గుడ్లను వెతికి, సూది గుచ్చి, లోపలిది పీల్చేసే పుణ్యాత్మురాలు. కూలి అడగదు, సబ్సిడీ అడగదు. దీని ఫొటో పెట్టగానే మన గ్రూపు ఏకగ్రీవంగా తీర్పిస్తుంది: "పచ్చదోమ! వెంటనే కొట్టండి!" కొడతారు. చవగ్గా దొరికే సింథటిక్ పైరిథ్రాయిడ్ ఏదో కొడతారు. మిరిడ్ నల్లి పోతుంది, సాలీళ్లు పోతాయి, పైకి కనబడే దోమలూ కొన్ని పోతాయి. తొడుగులోపలి గుడ్లకు మాత్రం ఏమీ కాదు. అవి పొదిగి పిల్లలయ్యేసరికి తినేవాళ్లు చేలో ఎవరూ మిగలరు. పైరిథ్రాయిడ్లు కొట్టినచోట దోమ మునుపటికన్నా ఉధృతంగా లేస్తుందని శాస్త్రవేత్తలు దశాబ్దాల కిందటే రాశారు. అప్పుడు మన రైతు ఇంకో ఫొటో పెడతాడు. ఈసారి నిజంగానే దోమే. గ్రూపు గర్వంగా అంటుంది: "మేం ముందే చెప్పాంగా!"

ఇక యాప్‌లు. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కూడా కృత్రిమ మేధతో నడిచే తెగుళ్ల నిఘా వ్యవస్థను రైతుల ఫోన్లలోకి తెచ్చింది. ప్రైవేటువి అంతకుముందు నుంచే ఉన్నాయి. యంత్రం మీద నాకు కోపం లేదు. అది తనకు చూపించిన బొమ్మల్లో దేనికి దగ్గరగా ఉందో చెబుతుంది, అంతే. చూపించని పురుగు దాని లోకంలో లేదు. ఉన్నవాటిలోంచే ఒకటి ఎంచి, తొంభై పైచిలుకు శాతం నమ్మకం అని పక్కన అంకె వేస్తుంది. ఆ శాతం మన చేను గురించి కాదు, దాని పెట్టెలోని బొమ్మల గురించి. ఆ బొమ్మలకు పేర్లు ఎవరు పెట్టారని అడగబోకండి. కొన్నిచోట్ల అవీ ఫొటో చూసి పెట్టినవే. ఒకడి ఊహను యంత్రం నేర్చుకుని ఇంకొకడికి శాస్త్రంగా అప్పజెబుతుంది. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడితే ఇక తిరుగులేదు. మనిషి మాటకు ఎదురు చెప్పేవాడు కూడా అంకె కనబడితే నోరు మూస్తాడు.

ఏలూరు పక్కన పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. ఈ రెండింటి నడుమ ఆయిల్‌పామ్, కొబ్బరి తోటల మీద 2016 తర్వాత సర్పిలాకార తెల్లదోమ వచ్చిపడింది. బెలీజ్ దేశంలో దొరికిన నమూనాలను బట్టి 2004లో జాన్ మార్టిన్ దీనికి పేరు పెట్టాడు. మన దేశంలో ముందు పొల్లాచ్చిలో కనబడింది. ఆకు అడుగున తెల్లటి మైనంతో సుడులు, పై ఆకుల మీద నల్లటి మసి. దాని వెనకే గూళ్లు కట్టుకునే ఇంకో రకం తెల్లదోమలూ వచ్చాయి. ఇప్పుడు ఒకే మట్ట మీద రెండు మూడు జాతులు కలిసి కాపురం చేస్తున్నాయి. తెల్లదోమ జాతిని తేల్చేది రెక్కల పురుగును చూసి కాదు. రెక్కలు రాకముందు ఆకుకు అంటుకుని ఉండే కోశదశను తీసి, మరిగించి, రంగు పట్టించి, గాజుపలక మీద అమర్చి, సూక్ష్మదర్శినిలో దాని వీపు మీది రంధ్రాలూ అంచులూ చూసి చెబుతారు. పెదవేగి వాళ్లకు ఆ పని తెలుసు. వాళ్లకు నమూనా పంపడానికి పట్టే టైములో మన గ్రూపు మూడు రౌండ్ల మందు సిఫారసు చేసేస్తుంది. నలభై అడుగుల చెట్టు మీద, ఆకు అడుగున ఉన్న పురుగుకు! ఎన్కార్సియా అనే కందిరీగ జాతి బుల్లి పరాన్నజీవి, ఇసారియా అనే శిలీంద్రం అక్కడ తమ పని తాము చేసుకుంటున్నాయి. వాటి ఫొటో ఎవరూ పెట్టరు. కోశాలు నల్లబడ్డాయంటే లోపల ఎన్కార్సియా ఉందని అర్థం. గ్రూపు భాషలో మాత్రం "కొత్త వైరస్."

రైతుల్నే అనడం న్యాయం కాదు. కొల్లేటికి ఆదివారాలు వచ్చే కెమెరా బాబులు మరో రకం. ఆటపాకలో గూడబాతులు దూరంగా ఉన్నప్పుడు లెన్సు గట్టు పక్క నీళ్ల మీదకు తిరుగుతుంది. వీపంతా గుడ్లు మోస్తున్న గోధుమరంగు నీటిపురుగు దొరుకుతుంది. అద్భుతమైన ఫొటో, ఒప్పుకోవాల్సిందే. కింద "అమ్మ ప్రేమ" అని శీర్షిక, పక్కన శాస్త్రీయ నామం, వందల లైకులు. ఆ గుడ్లు మోసేది తండ్రి. డిప్లోనికస్ జాతుల్లో ఆడది మగదాని వీపు మీద గుడ్లు అంటించి తన దారిన తాను పోతుంది. పిల్లలు బయటికొచ్చేదాకా గాలి తగిలేలా నీటిపైకీ కిందకీ మోసుకు తిరిగేది నాన్నే. లాటిన్ పేరు చివరి అక్షరం దాకా తెలిసినాయనకు ఆడా మగా తెలియలేదు.

ఫొటో చూసి చెప్పగలిగేవి లేవనీ కాదు. మనిషి మొహం ఉన్న నల్లి, కాటకాంతస్ ఇన్‌కార్నేటస్, ఎర్రటి వీపు మీద నల్లటి కళ్లతో తలకిందులుగా చూస్తే అచ్చం మీసాలాయనలా ఉంటుంది. దాన్ని చిన్నపిల్లాడైనా గుర్తుపడతాడు. చిత్రమేమిటంటే, తేలిగ్గా జాతి చెప్పగలిగిన ఈ ఒక్క పురుగు దగ్గరే మన సిద్ధాంతులు తడబడి "వింత జీవి, బ్రహ్మంగారు చెప్పినట్టే జరుగుతోంది" అంటారు.

కైకలూరు పక్క చేపలరైతులను చూసి ముచ్చటేస్తుంది. నర్సరీ చెరువులో చేపపిల్లల్ని తినే వెల్లకిల ఈతపురుగులు పడితే జాతి గీతీ అడగరు. హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపి, గాలిలేని పూట నీటి మీద పరుస్తారు. ఊపిరికి పైకొచ్చిన ప్రతిదీ ఆ పొర కింద ఆగిపోతుంది. పేరు తెలియాల్సిన అవసరం లేనిచోట పేరు అడగని మనుషులు వీళ్లొక్కరే.

వరిచేలో అలా కుదరదు. అక్కడ ఒక పేరు తప్పితే మిత్రుడు చస్తాడు, శత్రువు పెరుగుతాడు. మరి అంత తొందరపడి పేరెందుకు? పేరుంటేనే బిల్లు రాయడం కుదురుతుంది గనక. "ఇది మిరిడ్ కుటుంబంలా ఉంది, జాతి చెప్పలేను, ఓ నాలుగు రోజులు చూడండి" అన్నవాడి మాట మీద ఏ షాపులోనూ ఏ సీసా మూతా తెరుచుకోదు. ఆ గ్రూపుల్లో అలా అన్నవాడికి ఓ బొటనవేలు కూడా రాదు. పైగా "తెలియకపోతే ఊరుకోవచ్చుగా" అని ఒకడు అంటిస్తాడు. షాపాయన అల్మారాలో ఏ డబ్బా ఎక్కువ మిగిలిపోయిందో ఆ వారం గ్రూపులో ఆ పురుగే ఎక్కువ కనబడుతుందని నా అనుమానం. రుజువు లేదు, ఫొటో కూడా లేదు.

అందుకే ఒక చిన్న మనవి. ఈసారి ఫొటో పెట్టే రైతు సోదరులు గట్టు దిగి, పది దుబ్బులు నాలుగేసి తట్లు తట్టి, నీళ్లలో రాలినవాటిలో గోధుమరంగువి ఎన్నో, పచ్చవి ఎన్నో, సాలీళ్లు ఎన్నో ఫొటో కింద అంకెల్లో రాయండి. వీలైతే రెండింటిని చిన్న సీసాలో సారాలో వేసి, "మార్టేరు పరిశోధన స్థానానికి పంపుతున్నాను, వాళ్లేమంటారో ఇక్కడే పెడతాను" అని ఒక ముక్క చేర్చండి. ఆ పూట గ్రూపులో జవాబులు ఎంతసేపటికి వస్తాయో, అసలు వస్తాయో లేదో చూద్దాం.