సీటు మార్చు.. గెలుపు కూర్చు!

రాజకీయాల్లో పైకి రావాలనుకునే కుర్రాళ్లు ఎక్కడికో పోనక్కర్లేదు, చోడవరంలో అడిగితే చాలు. 2004లో ఇక్కడ తెలుగుదేశం ఎమ్మెల్యేగా గెలిచిన గంటా శ్రీనివాసరావుగారు 1999లో అనకాపల్లి ఎంపీ. 2009లో ప్రజారాజ్యం తరఫున అనకాపల్లి ఎమ్మెల్యే. ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిశాక మంత్రి. 2014లో మళ్లీ తెలుగుదేశం, భీమిలి, మళ్లీ మంత్రి! 2019లో విశాఖ ఉత్తరం, 2024లో తిరిగి భీమిలి. ఓటమి ఊసే లేదు. (మనం ఇల్లు మారితే రేషన్ కార్డు మారడానికే తలప్రాణం తోకకొస్తుంది.) ఒకేచోట పాతుకుపోతే ఇక్కడి గోవాడ చక్కెర ఫ్యాక్టరీ సంగతేమిటని చెరకు రైతు నిలదీస్తాడు. సీటు మారిస్తే పాత హామీ కూడా కొత్తదే. ఓటర్లూ, ఈసారి నామినేషన్ వేసేవాళ్లను ఒక్కటే అడగండి: ‘బాబూ, వచ్చే ఎన్నికకు ఏ ఊరు?’