దొరా, మౌలాలి రండి!

2025 అక్టోబర్‌లో బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్ ముంబై వచ్చారు. ఆధార్‌కు ఊపిరి పోసిన నందన్ నీలేకనితో కూర్చుని మాట్లాడారు, మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు. అంతకు రెండు వారాల ముందే సొంత దేశంలో ఆయన ఒక బాంబు పేల్చి ఉన్నారు. ఇకమీదట బ్రిటన్‌లో ఉద్యోగం చేయాలంటే డిజిటల్ ఐడీ ఉండి తీరాలన్నారు. అక్కడి జనం గయ్యిమన్నారు. వద్దు మొర్రో అని పార్లమెంటుకు పెట్టుకున్న అర్జీ మీద సంతకాలు 25 లక్షలు దాటాయి. 2026 జనవరికల్లా 'ఉండి తీరాలి' అన్న మాట మెత్తబడింది.

ఆయన చేసిన పొరపాటల్లా ముంబైలో ఆగిపోవడమే. సర్కారు పౌరుడిని ఎలా చూసుకోవాలో పూర్తిగా నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోని మౌలాలి దాకా రావాలి. ఇక్కడ కొండ మీద దర్గా ఉంది. కింద రైల్వే లోకోషెడ్డు, హౌసింగ్ బోర్డు కాలనీ ఉన్నాయి. ఆటో ఎక్కితే తార్నాక, దాన్ని ఆనుకుని ఉస్మానియా యూనివర్సిటీ. పాఠాలన్నీ ఈ దారిలోనే దొరుకుతాయి. ఫీజు లేదు, ఆధార్ జిరాక్సు తెచ్చుకుంటే చాలు.

మొదటి పాఠం నవంబర్‌లో మొదలవుతుంది. మౌలాలిలో రిటైరైన రైల్వేవాళ్లు ఎక్కువ. తాము బతికే ఉన్నామని వాళ్లంతా ఏటా నవంబర్‌లో సర్కారుకు రుజువు చేసుకోవాలి. ఆ కాగితం పేరు జీవన ప్రమాణ పత్రం. 2014 నుంచి వేలిముద్ర వేస్తే చాలన్నారు. లోకోషెడ్‌లో ఏళ్ల తరబడి పానాలు తిప్పిన వేళ్ల మీద గీతలు మిగులుతాయా అని మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. మా వీధి ఫిట్టర్ సార్ ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లి యంత్రం మీద బొటనవేలు పెట్టారు. అది ససేమిరా అంది.

"మ్యాచ్ అయితలేదు సార్" అన్నాడు కుర్రాడు.

"నేను నీ ముందల్నే కూసున్న గద బిడ్డా!"

"కూసుంటే కాదు సార్, మ్యాచ్ కావాలె."

ఇప్పుడు ముఖం చూపించినా ఒప్పుకుంటున్నారు. ఎనభై దాటినవాళ్లు అక్టోబర్ నుంచే పత్రం ఇచ్చుకోవచ్చు. అంటే పండు ముసలివాళ్లు మిగతావాళ్ల కంటే ఒక నెల ముందుగా బతికి ఉండొచ్చన్నమాట. చనిపోయినవాళ్ల పేరు మీద పింఛన్లు పోకూడదు, నిజమే. ఎవరో కొందరు మోసం చేస్తారన్న అనుమానం ఖరీదు మాత్రం మోసం చేయని ముసలాయన మోకాళ్ల నుంచి వసూలవుతుంది.

రెండో పాఠం అడగడం. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. సెలవిచ్చారు, బస్సులు ఆపారు, ఇంట్లోంచి కదలొద్దన్నారు. ముంబై, సూరత్‌ల నుంచి కూలీలు రైళ్లకు వేలాడుతూ వచ్చి తమ గుమ్మాల్లో తాము నిలబడ్డారు. వివరాలు చెప్పడం తప్పనిసరి కాదని సర్కారు హైకోర్టులో చెప్పింది. లెక్కలో లేకపోతే రేషన్ కార్డు గల్లంతన్న పుకారు అప్పటికే ఊళ్లన్నీ చుట్టేసింది. పదేళ్ల తర్వాత, 2024 నవంబర్ 6న, మళ్లీ ఇంటింటి సర్వే. ఈసారి 75 ప్రశ్నలు. కులం సరే, అది ఎందుకో అర్థమవుతుంది. అప్పు ఎందుకు చేశావు, ఇంట్లో ఫ్రిజ్ ఉందా, రాజకీయాల్లో తిరిగావా? పిల్లనిచ్చే మామ కూడా ఇన్ని అడగడు. ఆయన కనీసం చాయ్ అయినా పోస్తాడు.

ఇలా అడిగి తీసుకున్నదాన్ని ఎంత భద్రంగా దాచారంటారా? 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన పేరుతో కోటికి పైగా దరఖాస్తులు తీసుకున్నారు. పేరు, ఫోన్ నంబర్, ఆధార్ నంబర్, అన్నీ జనం చేత్తోనే రాయించుకున్నారు. రెండు రోజులు తిరక్కుండానే వాటిలో ఒక కట్ట బాలానగర్ ఫ్లైఓవర్ మీద గాలికి ఎగిరింది. కట్టను మోసుకెళ్తున్నది ఒక బైక్ ట్యాక్సీ. స్టార్మర్ గారు ఈ టెక్నాలజీని తప్పకుండా పరిశీలించాలి. దీనికి సర్వర్లు అక్కర్లేదు, హ్యాకర్లు కూడా అక్కర్లేదు.

మూడో పాఠం చూడడం. ఇందులో లండన్‌కు మేము చెప్పేది తక్కువే. 2020లో ఒక సంస్థ ప్రపంచ నగరాల్లో మనుషులకూ సీసీ కెమెరాలకూ నిష్పత్తి లెక్కగట్టింది. మొదటి ఇరవైలో చైనా బయటివి రెండే నగరాలు. లండన్‌ది మూడో స్థానం, హైదరాబాద్‌ది పదహారు. ఈ విషయంలో కవలలమే. కాకపోతే మా దగ్గర కొంత చేతిపని కూడా ఉంటుంది. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమన్నారు, ఫొటో తీసుకున్నారు. అప్పుడు మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. పెట్టుకోవాలన్నదీ సర్కారే, తీయాలన్నదీ సర్కారే. ఫొటో ఎందుకని ఆయన నోటీసు ఇచ్చి, ముఖాలను గుర్తుపట్టే యంత్రాల మీద హైకోర్టుకెక్కారు. అదే ఏడాది అక్టోబర్‌లో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కోసం వెతికారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పి అప్పటికి నాలుగేళ్లు. ఆ తీర్పు ఢిల్లీ నుంచి బయల్దేరింది కానీ దారిలో ఎక్కడో తార్నాక చౌరస్తా తగిలి ఉంటుంది.

తార్నాక చౌరస్తా సంగతి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి దాన్ని మూసేశారు. తిన్నగా వెళ్లాల్సినవాడు పక్కకు తిరిగి, చాలా దూరం పోయి, యూటర్న్ కొట్టి, బయల్దేరిన చోటుకు దగ్గరగా వచ్చి, అప్పుడు ముందుకు సాగాలి. 2025 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా తెరిచారు. నాలుగు రోడ్లు కలిసే చోట నాలుగు రోడ్లూ కలవనివ్వడం కూడా మాకు ఒక ప్రయోగమే.

నాలుగో పాఠం ఇల్లు. మామూలు మనిషి ప్లాట్ కొంటాడు. సర్కారు స్టాంప్ డ్యూటీ తీసుకుని రిజిస్ట్రేషన్ చేస్తుంది. తర్వాత అదే సర్కారు వచ్చి నీ లేఅవుట్ అక్రమం అంటుంది. ఫీజు కడితే సక్రమం అంటుంది. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) ప్రకటిస్తే వెయ్యి రూపాయల చొప్పున కట్టి 25 లక్షల మందికి పైగా దరఖాస్తు చేసుకున్నారు. ఇంతమంది ఒకేసారి తప్పు చేశారంటే ఆ తప్పు దస్తావేజు మీద ముద్ర వేసినవాడెవరో కూడా చూడాలి కదా? 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను కూల్చే సర్కారీ సంస్థ హైడ్రా వచ్చింది. చెరువులు మింగినవాళ్లను వదలకూడదు, అందులో రెండో మాట లేదు. అయితే ఇంటి నంబర్ ఇచ్చిన శాఖ, కరెంటు మీటర్ పెట్టిన శాఖ, ఆస్తిపన్ను వసూలు చేసిన శాఖ ఏ బుల్‌డోజర్ కిందా పడలేదు. అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు కూల్చివేత ఏమిటని 2024 సెప్టెంబర్ 30న హైకోర్టు అధికారులను నిలదీసింది. కోర్టులకు సెలవున్న రోజు సర్కారుకు అంత పని శ్రద్ధ! వారంలో మిగతా రోజుల్లో ఆ శ్రద్ధ ఏ బల్ల మీదా కనపడదు.

ఇంత సేవ చేసినా, చివరికి మన దగ్గరున్న కార్డును సర్కారే నమ్మదు. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులు పంపి, పౌరులమని రుజువులు తెమ్మంది. గోల అయ్యాక ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆ సంస్థే వివరణ ఇచ్చుకుంది. వేలిముద్రలు, కనుపాపలు అన్నీ ఇచ్చుకున్నాక కూడా 'నువ్వెవరు?' అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఇలా మాట్లాడేవాణ్ణి బ్రిటన్‌లో లిబర్టేరియన్ అంటారు. మన దగ్గర 'వీడికి ఆఫీసులో ఏదో పని కాలేదు' అంటారు. కానీ ఇది పరాయి సరుకేం కాదు. 1959లో రాజాజీ లైసెన్సు పర్మిట్ రాజ్యాన్ని తిట్టిపోస్తూ స్వతంత్ర పార్టీ పెడితే, దానికి తొలి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఆచార్య రంగా. రైతు తన చేను తాను దున్నుకోవడానికి ఢిల్లీని ఎందుకు అడగాలన్నదే ఆయన వాదం. అంతకు ముందు నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో పిల్లలు వందేమాతరం పాడితే వందలమందిని గెంటేశారు. ఆ ఉద్యమం వరంగల్‌కు పాకి అక్కడ చదువుతున్న ఒక కుర్రాడి మీద కూడా వేటు పడింది. అతను నాగపూర్ పోయి చదువుకున్నాడు. పేరు పీవీ నరసింహారావు. 1991 జూలై 24న ఆ కుర్రాడి ప్రభుత్వమే 18 రంగాలు మినహా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది.

మరి ఆయన కాలంలో పాట పాడనివ్వని ఉస్మానియాలో ఇప్పుడేమిటి? 2025 మార్చి 13న యూనివర్సిటీ ఒక సర్క్యులర్ తీసింది. డిపార్ట్‌మెంట్లు, కాలేజీలు, పరిపాలనా భవనం ఆవరణల్లో ధర్నాలు చేయకూడదు, నినాదాలు ఇవ్వకూడదు అంది. క్లాసులు సాగాలి, సిబ్బందిని ఎవరూ బూతులు తిట్టకూడదు, ఒప్పుకుందాం. కానీ ఆర్ట్స్ కాలేజీ ముందు నినాదాలు లేకపోతే ఈ రాష్ట్రమే లేదు, ఆ సర్క్యులర్ తీసే అవకాశమూ లేదు. ఇవాళ తెలంగాణలో ఫ్యాక్టరీ పెట్టేవాడికి టీజీ ఐపాస్ అనే సింగిల్ విండో కింద గడువులోగా అనుమతి రావాలి, రాకపోతే వచ్చినట్టే లెక్క. మెస్‌లో పప్పు నీళ్లలా ఉందని అరిచేవాడికి మాత్రం అలాంటి కిటికీ లేదు.

స్టార్మర్ గారి దేశంలోనే ఒక మంచి కథ ఉంది, అది ఆయనకు గుర్తుచేయాలి. 1939లో యుద్ధం పేరుతో అక్కడ గుర్తింపు కార్డులు పెట్టారు. మొదట వాటితో పనులు మూడు. 1950 నాటికి అవి ముప్పై తొమ్మిదయ్యాయి. యుద్ధం ముగిసి అయిదేళ్లయింది, కార్డు మాత్రం ముగియలేదు. ఆ డిసెంబర్‌లో క్లారెన్స్ విల్‌కాక్ అనే ఆయన్ను పోలీసు ఆపి కార్డు అడిగితే చూపించనన్నాడు. కేసు ఓడిపోయాడు. కానీ మామూలు జనాన్ని ఇలా వేధించడమేంటని న్యాయమూర్తులు చివాట్లు పెట్టారు. 1952లో కార్డులు రద్దయ్యాయి. ఒక్క మనిషి 'చూపించను' అంటే అంత పనైంది. మన దగ్గర అదే మాటంటే వెనక క్యూలో ఉన్నవాళ్లే 'తొందరగా చూపించవయ్యా, మా టైం అయిపోతుంది' అంటారు. మన అసలు రోగం అదే.

అందుకే ఒక చిన్న మనవి. సర్కారు వద్దని నేననడం లేదు. నల్లా నీళ్లు, రోడ్డు, రాత్రిపూట గస్తీ, ఇవన్నీ కావాలి. కానీ ప్రతి జీవో, ప్రతి సర్క్యులర్, ప్రతి ఫారం ఏటా నవంబర్‌లో మౌలాలి వచ్చి తాను ఇంకా ఎందుకు బతికి ఉందో రుజువు చేసుకోవాలి. ఎవరికి మేలు చేసింది, ఎంతమందిని తిప్పింది, దాని అవసరం తీరిందా లేదా అన్నవి కాలమ్‌లలో నింపాలి. రుజువు చూపించలేకపోతే డిసెంబర్ ఒకటి నుంచి అది లేనట్టే లెక్క. కౌంటర్‌లో కూర్చోవడానికి ఫిట్టర్ సార్ ఒప్పుకున్నారు, జీతం కూడా వద్దన్నారు. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా లంచ్. ఆ టైంలో వచ్చిన జీవోలు బయట ఎండలో నిలబడాలి.