టామీకి సీటివ్వండి సార్

వీధి కుక్కల మీద 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మీరంతా చదివే ఉంటారు. బడుల నుంచి కుక్కల్ని తీసేయాలి, ఎనిమిది వారాల్లో కంచె వేయాలి, ఒక నోడల్ అధికారిని పెట్టి ఆయన వివరాలు గేటు దగ్గర రాయాలి. కోర్టు ముందుగా చెప్పింది ప్రభుత్వాలకు. ప్రభుత్వాలకు చెప్పిన పని దొర్లుకుంటూ వచ్చి చివరికి ఎవరి బల్ల మీద పడుతుందో కూడా మీకు తెలుసు. ఛత్తీస్‌గఢ్‌లో అప్పుడే పడింది. బడి దగ్గర తిరిగే కుక్కల్ని కనిపెట్టి కబురు చేసే పని హెడ్మాస్టర్లకు అప్పగించారు. అంతటితో ఊరుకోక, పాములూ తేళ్లూ కూడా లోపలికి రాకుండా చూసుకోండని ఇంకో కాగితం పంపారు.

అలాంటి కాగితం మన అనంతపురం సీమలోని గోరంట్లకు చేరేలోపు ఒక ఉపాయం చెబుతాను. కుక్కను బయటికి తరమొద్దు. అడ్మిషన్ ఇవ్వండి.

కోర్టు తీసేయమన్నది వీధి కుక్కను. రిజిస్టర్లో పేరెక్కినది వీధి కుక్క ఎలా అవుతుంది? అది విద్యార్థి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం, చేర్చుకున్నాక ఎనిమిదో తరగతి దాకా బడి నుంచి తీసేయడానికి ఎవరికీ హక్కు లేదు. పుట్టినరోజు కాగితం లేదంటారా? వయసు రుజువు లేదని సీటు నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. నివాస ధ్రువీకరణ కావాలంటే, 2025 జూలైలో బిహార్‌లోని మసౌఢీలో డాగ్ బాబు అనే కుక్కకు సర్కారే ఇచ్చింది. తండ్రి కుత్తా బాబు, తల్లి కుతియా దేవి. మన పిల్లల ఆధార్‌లో ఇంటిపేరు సరిచేయడానికి ఎన్నిసార్లు తిప్పుతారో తెలిసినవాళ్లు డాగ్ బాబును చూసి అసూయపడాలి.

ఇందులో లాభం కూడా ఉంది. అదే చట్టం షెడ్యూల్లో లెక్క చూడండి: ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61వ తల కనబడితే మూడో టీచరు. మీ బడిలో 58 మంది ఉన్నారనుకుందాం. వంటషెడ్డు పక్కన, పప్పన్నం తట్టలు కడిగే చోట, ముట్టె కాళ్ల మీద పెట్టుకుని రోజూ మధ్యాహ్నం ఠంచనుగా హాజరయ్యే మూడు కుక్కలున్నాయి. రాయండి పేర్లు: టామీ, రాజు, కర్రోడు. అరవై ఒకటి! హాజరులో ఈ ముగ్గురినీ మించినవాళ్లు బడిలో లేరు.

ఇది నా పైత్యం అనుకోకండి. 2019లో ఫ్రాన్స్‌లో, ఆల్ప్స్ కొండల్లోని ఒక ఊళ్లో, పిల్లలు తగ్గారని ఒక తరగతి ఎత్తేస్తామంటే తల్లిదండ్రులు 15 గొర్రెల్ని బడిలో చేర్పించారు. కాపరి మందను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ఆల్ప్స్‌లో పదిహేను గొర్రెలకే అంత పేరొస్తే ఇన్ని మందలున్న మన సీమ సంగతేంటి? పిల్లలు బడికి జంతువుల్ని తేవచ్చా అని ఇంకా చర్చలు పెట్టేవాళ్లకు ఇదే జవాబు: తేవచ్చు కాదు, తేవాలి. తలకో జీవం. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం చుట్టూ ఏకోపాధ్యాయ బడులన్నీ ఒక్క సోమవారంతో నిండిపోతాయి.

పథకాలు అడ్డమా? అసలే కాదు. ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్లో బూట్లు ఒక జతే వస్తాయి కాబట్టి నాలుగు కాళ్లకు రెండో జత కోసం అర్జీ పెట్టాలి, అంతే. తల్లికి వందనం పథకం 13,000 రూపాయలు గొర్రె తల్లి ఖాతాలో వేయాలి. తల్లి ఈపాటికే సంతలో అమ్ముడుపోయి ఉంటే సంరక్షకుడి ఖాతాలో. 2025 జూలైలో ముఖ్యమంత్రి మన కొత్తచెరువుకే వచ్చి మెగా పేరెంట్స్ మీటింగులో కూర్చున్నారు. వచ్చేసారి మంద మొత్తం వస్తుంది. ఏం చెప్పినా తల ఊపుతుంది, ఒక్క ప్రశ్న వేయదు. అలాంటి పేరెంట్స్ కదా ఏ ప్రభుత్వానికైనా కావలసింది!

పాముల, తేళ్ల విషయంలో టీచర్లకు శిక్షణ కావాలంటే దూరం పోనక్కర్లేదు. మన మండలంలోనే పాలసముద్రం దగ్గర 500 ఎకరాల్లో కస్టమ్స్ అధికారుల జాతీయ అకాడమీ ఉంది. 2024 జనవరిలో ప్రధాని వచ్చి ప్రారంభించారు. వన్యప్రాణుల నేరాల మీద దర్యాప్తు నేర్పే విభాగం అందులో ఉంది. హెడ్మాస్టర్లను ఒక బ్యాచ్ పంపితే, తేలు లోపలికి వచ్చిందో, ఎవరైనా అక్రమంగా రవాణా చేశారో తేల్చి నివేదిక ఇస్తారు.

ఇంత చక్కటి పథకానికి ఊళ్లో గొర్రెల కాపరి దగ్గరే గండి పడుతుందని నా భయం. హెడ్మాస్టరు రిజిస్టరు పట్టుకుని పోయి, "ఏమప్పా, నీ మందలో బడి వయసువి ఎన్నుండాయి?" అంటే ఆయన ఏమంటాడో నాకు ఇక్కడికే వినబడుతోంది: "గొర్రెల పేర్లు ఎన్నైనా రాసుకో సార్. వాటెనకాల పొయ్యే మా పిల్లోని పేరు పోయినేడే కొట్టేస్తిరి గదా."

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోతుంది.

పిల్లల్ని కుక్కలు కరవకూడదు. కోర్టు అన్నదాంట్లో తప్పులేదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనివేనని, రేబిస్ అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ కుక్కలకు ఆపరేషన్లు చేయించి టీకాలు వేయించే పని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలది. ప్రహరీ కట్టించే పని ప్రభుత్వానిది. 2019లో బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడే ప్రహరీగోడ ఆ జాబితాలో ఉంది. అన్ని బడులకూ గోడ లేచి ఉంటే ఆ ఎనిమిది వారాల గడువుతో పనేముండేది? గోడ కట్టనివాడి పేరు ఏ గేటు మీదా రాయరు. గోడలేని బడిలో పాఠం చెప్పేవాడి పేరు మాత్రం ఫోన్ నంబరుతో సహా రాస్తారు. రేపు కుక్క కరిస్తే నిలదీసేది ఆయననే.

జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అయినా 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సరిచేయడానికి టీచర్లను నిలబెట్టారు. తర్వాత మరుగుదొడ్ల ఫోటోలు తీయించారు. పార్టీ ఏదైనా చట్టం పుస్తకంలోనే ఉంటుంది, టీచరు మాత్రం తరగతిలో ఉండడు. ఆయన లేని తరగతిలో కూర్చుని చదువు చాలించుకున్న పిల్లాడే మందల వెంటో, బెంగళూరు బస్సులోనో తేలతాడు. బడిలోకి వచ్చిన కుక్కకు నోడల్ అధికారిని పెట్టే ఈ రాజ్యం, బడి నుంచి పోయిన ఆ పిల్లాడి కోసం ఎవరి నంబరు రాసింది?

కుక్కల్ని పట్టడానికి జీతాలు తీసుకునే శాఖలు వేరే ఉన్నాయి. ముందు వాటిని నిద్రలేపండి. పంతులు చేతిలో కర్ర పెట్టకండి, సుద్దముక్క ఉండనివ్వండి.