రేకు దొరకడం ఏమిట్రా అబ్బాయ్

మీ తరానికి వెతకడం ఎక్కువైంది, చెయ్యడం తక్కువైంది. ఈ మాట అనగానే "తాతగారు మళ్ళీ మొదలెట్టారు" అని మీలో మీరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, నాకేం. మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం, నేను ఏడాదంతా సుత్తి కొట్టినా చూడని డబ్బు నెల తిరిగేసరికి చూస్తాడు. ఆ డబ్బుతో ఇంత స్థలం కొనుక్కోక, రేపల్లె అవతల గొడ్లచావిట్లో పడున్న స్టాండర్డ్ హెరాల్డు కారు కొన్నాడు. ఒకప్పుడు షోళవరం పందేల్లో పరిగెత్తిన బండట. పాత కారు అమ్మేవాడు దానికి ఓ జమీందారునో ఓ పందేన్నో తగిలించకుండా అమ్మడు గదా అని నేను ముందు కొట్టిపారేశాను. తీరా చూస్తే మడ్‌గార్డుల అంచులు వెడల్పు టైర్లకు వీలుగా కోసి ఉన్నాయి, బంపరు బోల్టుల చిల్లులు పూడ్చి ఉన్నాయి, సీటు వెనక ఇనప గొట్టం వెల్డింగు చేసిన మచ్చలున్నాయి. సరే, నమ్మాను.

ఇప్పుడు వాడి బాధంతా రేకులు. బానెట్టుని ఒక పక్క తుప్పు తినేసింది, వెనక తలుపులు రెండూ జల్లెడ, డిక్కీ మూత అసలు లేదు. సంక్రాంతి నుంచీ ఫోను గోకుతూ "తాతగారూ, ప్యానెల్స్ దొరకట్లేదు" అంటాడు. దొరకడం ఏమిట్రా? అదేమన్నా కొత్తిమీర కట్టా?

మా రోజుల్లో కారు గుద్దుకుంటే రేకు కోసం ఎవరూ వెతకలేదు, మనిషి కోసం వెతికారు. ఫలానా టింకరు చెయ్యి ఎలాంటిది, మధ్యాహ్నం దాటాక కూడా ఆ చెయ్యి నిలకడగా ఉంటుందా, ఇదీ విచారణ. మనిషి కుదిరాక ఇనప కొట్లో 20 గేజి రేకు కొని అతని ముందు పడెయ్యడమే. అట్టముక్క బండికి ఆనించి గీత గీసేవాడు, కత్తిరించేవాడు, నడుమ గుంట తవ్విన చింతమొద్దు మీద ఆ రేకు పెట్టి చెక్క సుత్తితో తడుతూ కూర్చునేవాడు. తట్టగా తట్టగా రేకు గిన్నెలా లోతు దిగేది. మరీ సాగిపోతే పొంగి, వేలితో నొక్కగానే టక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంది. అప్పుడు గ్యాసు మంటతో రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ నాలుగు దెబ్బలు వేసి, తడిగుడ్డ ఒత్తితే సుయ్‌మని ముడుచుకుంటుంది. కొద్దిగా ఎక్కువ కాలిస్తే చిల్లు. ఇది నేర్చుకోవడానికి మాకు ఏళ్ళు పట్టింది. మీరైతే రెండు నిమిషాల వీడియో చూసి "ఓ, ష్రింకింగ్" అంటారు.

అలా చేసిన కుడి మడ్‌గార్డు, కంపెనీ వేసిన ఎడమ మడ్‌గార్డు అచ్చు ఒకేలా ఉండేవా అంటే, ఉండేవి కాదు. మా మేస్త్రీని ఓ ఆసామి అదే అడిగితే, "కారుకి రెండు పక్కలా ఒకేసారి నిలబడి చూసే మొనగాడెవడండీ?" అన్నాడు. ఆసామి నోరు మూసుకుని డబ్బిచ్చి వెళ్ళాడు. ఇప్పటివాళ్ళు సందు కొలవడానికి ఏదో ఆకుల్లాంటి గేజీ పట్టుకొస్తారు. మా సందుల్లో వేలు పట్టేది, అయినా తలుపు పడేది. కాకపోతే గట్టిగా వెయ్యాలి.

షోళవరం అంటే మీకేం తెలుసు? యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు అక్కడ పందేలు పెట్టేవాళ్ళు. దుగ్గిరాల నుంచి పసుపు లోడుతో మద్రాసు పోయే లారీ ఎక్కితే, ఊళ్ళోకి పోకుండానే రెడ్ హిల్స్ ఇవతల దిగిపోవచ్చు. నీడ లేదు, నీళ్ళు లేవు, మొహమంతా దుమ్ము, చెవుల్లో రొద. ఏ కారు ఎన్నోదో మాలో ఎవడికీ తెలిసేది కాదు. ఎంత హాయిగా ఉండేదో! తర్వాత 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేల కోసమే రోడ్డు వేశారు, కూర్చోడానికి మెట్లు కూడా కట్టారట. కూర్చుని చూసేదానికి పందెం ఎందుకు, సినిమాకి పోరాదూ?

ఏదో చెబుతూ ఎటో పోయాను. హెరాల్డు. అది 1959లో ఇంగ్లండులో పుట్టింది. బాడీలు అచ్చు కొట్టే కంపెనీని పోటీవాళ్ళు కొనేసుకునేసరికి, స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్ళకి ఒళ్ళంతా ఒకే ముక్కగా చేసిచ్చే దిక్కు లేకపోయింది. దాంతో విడిగా ఛాసీ వేసి, దాని మీద బాడీని ముక్కలుగా బోల్టులతో బిగించారు. గీసిచ్చింది ఇటలీ మనిషి మిషెలొట్టి. బానెట్టు, రెండు మడ్‌గార్డులు కలిసి ఒకే రేకై ముందుకు తిరగబడితే ఇంజను మొత్తం బయటపడేది, చక్రం మీద కూర్చుని పని చేసుకునేవాళ్ళం. 1961 నుంచి మద్రాసులోనూ చేశారు. గతిలేక చేసిన పని గనకనే రిపేరుకి అంత సుళువైన కారు మళ్ళీ రాలేదు. అంబాసిడరుకి ఈ సుఖం లేదు, ఫియట్టుకీ లేదు.

కుర్రాడు ఇంగ్లండు నుంచి తెప్పిస్తానన్నాడు. బానెట్టు తెప్పించు నాయనా, తలుపులేం చేస్తావు? ఇంగ్లండు హెరాల్డుకి తలుపులు రెండే. నాలుగు తలుపులది మన మద్రాసు వాళ్ళ సొంత బిడ్డ. దాని వెనక తలుపు లండన్లో దీపం పెట్టి వెతికినా ఉండదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. నాకు ఎంత బావుందో చెప్పలేను.

ఇక బెజవాడ ఆటోనగర్ తిరిగాడు, మద్రాసు పుదుపేట తిరిగాడు. పాత రేకులేవీ? కేజీల లెక్కన కరిగించేస్తున్నారు, లేదా బొమ్మలు చేసేస్తున్నారు. మా తెనాలిలోనే సూర్య శిల్పశాల వాళ్ళు పాత నట్లూ బోల్టులతో 2021లో 14 అడుగుల ప్రధానమంత్రి విగ్రహం చేశారు. చూసొచ్చాను. పనితనానికి వంక పెట్టలేక ఆ సాయంత్రమంతా చిరాగ్గా గడిపాను.

చివరికి డిక్కీ మూత బాపట్లలో తేలింది. ఓ డాబా మీద నీళ్ళతొట్టికి మూతగా ఉంది! రేపల్లె బండికి బాపట్ల రేకు. ఆ రెండూళ్ళూ 2022 నుంచి ఒకే జిల్లా, అయినా రైల్లో పోవాలంటే మా గుంటూరు జిల్లా తెనాలి వచ్చి బండి మారాల్సిందే. ఆ మూత ఫోనులోనే తగిలిందనుకోండి, ఆ సంగతి నేను పెద్దగా ఎత్తడం లేదు. ఇంటావిడ "ఇది ఇస్తే నా తొట్టికి మూతేదయ్యా?" అంది. కుర్రాడు కొత్త ప్లాస్టిక్ మూత కొనిచ్చి, పైన డబ్బులిచ్చి తెచ్చాడు. సూర్యలంక ఉప్పుగాలి తగులుతున్నా అడుగున రేకు గట్టిగానే ఉంది. 1977 ఉప్పెన తర్వాత ఆ పక్క బళ్ళు ఎన్ని చూశానో. నీళ్ళు పోయే చిల్లులు బురదతో మూసుకుపోయి, తలుపుల్ని అడుగు నుంచి పైకి తుప్పు తినేసింది.

ఇప్పుడు కొత్త చిక్కు. యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ అని నెంబరిచ్చే రూలు 2021లో వచ్చింది. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. ఛాసీ, బాడీ, ఇంజను పుట్టినప్పటిలాగే ఉండాలట. మరి పందెం కోసం కోసిన మడ్‌గార్డుల మాటేమిటి? అంచులు పూర్తిగా కడితే షోళవరం బండి కాదు, కట్టకపోతే వీఏ బండి కాకుండా పోవచ్చు. మా కాలంలో బ్రేకు ఇన్‌స్పెక్టరు హారన్ కొట్టి చూసి, కాఫీ తాగి సంతకం పెట్టేవాడు. కుర్రాడు మాత్రం కోత అలాగే ఉంచుతానంటున్నాడు. వాడి మొహాన మొదటిసారి కాస్త బుద్ధి కనిపించింది.

అయ్యా, అమ్మా, తెనాలి, రేపల్లె, బాపట్ల పక్క మీ పెరట్లో కోళ్ళగూడు మీదో, కట్టెల మోపు మీదో హెరాల్డు వెనక తలుపు ఉందేమో ఒక్కసారి చూడండి. కుడిదైనా ఎడమదైనా సరే. పాత సామాన్ల వాడికి తూకానికి వెయ్యబోయే ముందు మాకో కబురు చెప్పండి. తుప్పు అడుగున నాలుగంగుళాలు దాటకపోతే చాలు, మిగతా రేకు నేను కడతాను.