పరగడుపు గోలి

హైదరాబాద్ తార్నాకలో భోజనం అంటే అన్నం, కూర, చారు, గోలి. చివరిదాన్నే ముందు మింగాలి, అదీ పరగడుపున. ఉస్మానియా హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే అభ్యర్థికి గ్యాస్ గోలి సిలబస్‌లో భాగం. ప్యాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని ఊరనివ్వదు. కాబట్టి ఎగ్గొట్టిన టిఫిన్, నాలుగు చాయ్‌లు, రాత్రి పదకొండుకు మిర్చి బజ్జీ అనే దినచర్య నిరాటంకంగా సాగుతుంది. మామూలుగా కొన్ని వారాలకు రాసే మందు ఇక్కడ నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా నడుస్తుంది. 2022 నాటి గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో కొత్త నోటిఫికేషన్ పడింది. గోలి కోర్సూ దాంతోపాటే సాగింది. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. దానికీ గోలి ఉంది.

జలుబు చేస్తే వైద్యుడు మెడికల్ షాపు కౌంటర్ వెనకే దొరుకుతాడు. "అన్నా, ఒళ్లు నొప్పులు, ముక్కు కారుతుంది. రెండు పూటలకియ్యి" అన్నంతలో పరీక్ష, నిర్ధారణ ముగుస్తాయి. కత్తెర యాంటీబయాటిక్ స్ట్రిప్‌ను అడ్డంగా కోస్తుంది. గడువు తేదీ ఉన్న కొస షాపులోనే మిగులుతుంది. చీటీ లేనిదే వాడొద్దని చెప్పడానికి 2016లో కేంద్రం ప్రచారం చేసిన ఎర్ర గీత మాత్రం రెండు గోలీల పొడవున జేబులోకి చేరుతుంది. దాన్ని డిజైన్ అనుకునేవారే ఎక్కువ. యాంటీబయాటిక్ జలుబు తెచ్చే వైరస్‌ను ఏమీ చేయదు. వారం పది రోజుల్లో జలుబు తనంతట తానే పోతుంది, పేరు గోలికొస్తుంది. కొన్ని యాంటీబయాటిక్‌లూ ఉన్న హెచ్1 జాబితాలోని మందులు అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు రిజిస్టర్‌కెక్కించి మూడేళ్లు దాచాలని 2014 నుంచి నిబంధన. ఆ రిజిస్టర్ అగరుబత్తి స్టాండుకు ఎత్తుపీటగా బాగా పనికొస్తుంది.

ఇది చదువు చేరని మారుమూల కాదు. యూనివర్సిటీ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశ రోగభారంలో 56.4 శాతం తిండి సరిగా లేకే అని 2024 మార్గదర్శకాల్లో ఆ సంస్థే చెప్పింది. ఆ దగ్గర్లోనే, 1944లో పుట్టిన రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ మందులను చౌకగా తయారుచేసే పద్ధతులు కనిపెట్టింది. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ అందులో ఒకటి, అది నిజంగా గొప్ప పని. తార్నాక ఇద్దరి మాటా విని, మింగడం తేలికైనదాన్ని ఎంచుకుంది.

గోలి వద్దనేవారినీ నగరం వదల్లేదు. శివారులోని పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ఒక పరిశోధన తేల్చింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. చీటీ ఎవరూ అడగలేదు. నీళ్లు గనక కత్తెరతో పనీ పడలేదు.